చెయ్యి ఎక్కని సగం

పింగాణీ పళ్ళేల కర్మాగారంలో ఆమెను అందరూ ఆకక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆమె పళ్ళేల మీద ఆకులే వేసింది. పూరేకులు వేసేవాళ్ళు వేరు, అంచుకు గీత గీసేవాళ్ళు వేరు, పువ్వు నడుమ పసుపు చుక్క పెట్టే మనిషి వేరు. ఆ చివరి మనిషి ఆకక్క పక్కనే కూర్చుంటుంది. ఆమెను చుక్క అంటారు. పదకొండు మంది ఆడవాళ్ళు పనిచేసే ఆ గదిలో పువ్వు మొత్తం వేసిన మనిషి ఒక్కరూ లేరు. ఇది యాదృచ్ఛికంగా జరిగిందని నేను నమ్మను. పువ్వు మొత్తం వెయ్యడం వచ్చిన మనిషి గడప దాటినా బతకగలదు. ఆకు మాత్రమే వచ్చిన మనిషి ఎక్కడికీ పోలేదు. అలాంటి నియమం ఎక్కడా రాసి లేదు. రాయవలసిన అవసరం లేకుండానే అది అమలైంది.

పని పద్ధతి ఇది. పళ్ళేన్ని పొట్ట ఎత్తులో ఉన్న చిన్న తిరుగుడు పీట మీద పెడతారు. కుడి మోచెయ్యి పక్కటెముకకు ఆనించి ఉంచాలి. ఎడమ చేత్తో పీటను తిప్పుతుంటే, కుడి చేతిలోని కుంచె ఒత్తుకుని, వంగి, లేస్తుంది. ఆకు అయిపోతుంది. చేరిన మొదటి రోజునే పాత మేస్త్రి చెప్పిన మాట ఒకటే: "చెయ్యి కదలకూడదు. పళ్ళెం తిరగాలి." ఆకక్క ఆ మాటను ఇరవై రెండేళ్లు అక్షరాలా పాటించింది. కదలని చెయ్యి చివరికి కదలలేని చెయ్యి అయింది. ఇప్పుడు ఆమె కుడి చెయ్యి రొమ్ము ఎత్తు దాటి లేవదు. తల దువ్వుకోవాలంటే దువ్వెన దగ్గరికి తలను వంచుతుంది. పై అరలో డబ్బా కావాలంటే భర్తను పిలుస్తుంది. ఆయన సిటీ బస్సు డ్రైవరు, ఆయన మెడ కూడా ఒకే వైపు తిరుగుతుంది.

"నా మెడ కుడికే తిరుగుతుంది, నీ చెయ్యి కిందికే దిగుతుంది," అని ఆయన డబ్బా దించుతూ అంటుంటాడు. "ఇద్దర్నీ కలిపి కుడితే ఒక పనికొచ్చే మనిషి అవుతాం."

"కుట్టడానికి మూడో మనిషి కావాలి కదండీ," అంటుంది ఆమె.

కర్మాగారంలో మాత్రం ఈ సంగతి ఆమె చుక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అంతకు ముందు అంచు గీసే ఒకామె మణికట్టు నొప్పి అని చెప్పింది. వారం తిరక్కుండా "పనికి అయోగ్యురాలు" అన్న కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఆమె పీట మీదికి మర్నాడే కొత్త మనిషి వచ్చింది. ఆ దృశ్యం చూసిన పదిమందికీ వేరే పాఠం అక్కరలేకపోయింది.

తర్వాత అచ్చు యంత్రం వచ్చింది. ఆకూ పువ్వూ చుక్కా అంచూ అన్నీ ఒకే పల్చటి కాగితం మీద అచ్చవుతాయి. దాన్ని నీళ్లలో ముంచి పళ్ళేనికి అతికిస్తే చాలు. చేతిపని గదిని మూడు నెలల్లో మూసేస్తామని గోడకు నోటీసు అంటించారు. దాని సారాంశం నేను చదివినంతవరకు ఇది: కొత్తగా ఒక డిజైన్ గది తెరుస్తారు, అందులో నాలుగే స్థానాలు. గుర్తింపు ఉన్న చిత్రలేఖన తరగతిలో పన్నెండు వారాలు నేర్చుకుని ధ్రువపత్రం తెచ్చి, "సొంత శైలిలో" ఒక చిత్రం సమర్పించినవారిని ఆ స్థానాలకు పరిశీలిస్తారు. మిగిలినవారు ప్యాకింగ్ గోదాముకు వెళ్లాలి. రుసుము ఎవరిది వారే కట్టుకోవాలి, సమయం సెలవు రోజునే చూసుకోవాలి. సమర్పించిన చిత్రాలపై సర్వహక్కులూ కర్మాగారానివి.

ఇరవై రెండేళ్లలో ఆకు మొన ఒక గింజంత పక్కకు వంగినా "ఏంటమ్మా, సొంత కవిత్వమా?" అని పళ్ళేన్ని వెనక్కి విసిరినవాళ్లే ఇప్పుడు సొంత శైలి తెమ్మంటున్నారు. కాళ్లు కట్టేసినవాళ్లే పరుగు పందెం పెట్టి, ఓడినవాళ్లకు శిక్ష కూడా ముందే ఖరారు చేశారు.

ప్యాకింగ్ గోదాములో నిండు పెట్టెలను తలకు మించిన ఎత్తులో ఉన్న అరల్లో పేర్చాలి. అక్కడైతే ఆకక్క తన చెయ్యి సంగతి ఒక్క పూట కూడా దాచగలిగేది కాదు. అయితే డిజైన్ గది, లేకపోతే ఆ "అయోగ్యురాలు" కాగితం. ఆమెకు మూడో దారి లేదు.

తరగతి ప్రతి ఆదివారం ఉదయం, సైకిళ్ల షాపు పైన ఉన్న హాలులో జరిగేది. నేర్పే డ్రాయింగు మాస్టారు ఆమె కంటే పదేళ్లు చిన్నవాడు, మంచివాడు, చేతులు ఊపుతూ మాట్లాడేవాడు. మొదటి ఆదివారం ఒక కూజా, రెండు ఉల్లిపాయలు బల్ల మీద పెట్టి వెయ్యమన్నాడు. అందరూ కాగితాన్ని నిలువు చట్రం మీద పెట్టుకున్నారు. ఆకక్క తన కాగితాన్ని బల్ల మీద పరిచి, ఎడమ చేత్తో తిప్పుతూ మొదలుపెట్టింది. చెయ్యి కదలకూడదు కదా. ఒక ఉల్లిపాయ వేసింది, కాగితం తిప్పింది. కూజా వేసింది, మళ్ళీ తిప్పింది. మాస్టారు ఆ కాగితాన్ని పైకెత్తి చూపించేసరికి కూజా తలకిందులుగా వేలాడుతోంది, ఉల్లిపాయలు రెండు గోడల మీద నడుస్తున్నాయి. హాలంతా నవ్వింది.

"అమ్మా, మీ బొమ్మకి పై వైపు ఏదండీ?" అన్నాడు మాస్టారు, ఆయనా నవ్వు ఆపుకుంటూ.

"పళ్ళేనికి పై వైపు ఉండదండీ," అంది ఆకక్క. ఆమె నవ్వలేదు. అడిగిన దానికి జవాబు చెప్పింది.

"ఇక్కడ ఉంటుందమ్మా. ఇక్కడే మనం కాస్త సాగాలి. అలవాటు పడిన చోటే కూర్చుంటే శైలి ఎలా వస్తుంది?" అని ఆయన కొత్త కాగితాన్ని నిలువు చట్రానికి నాలుగు మూలలా టేపుతో గట్టిగా అంటించేశాడు. "ఇప్పుడు కాగితం కదలదు. మీరు కదలండి."

ఆమె ఇంకో సందేహం అడిగింది. "ఈ ఆకుపచ్చ ఎండాక ఏ రంగు అవుతుందండీ?"

"ఆకుపచ్చే అవుతుందమ్మా. ఇంకేం అవుతుంది?"

ఆ ప్రశ్నకూ నవ్వారు. నవ్వినవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. పళ్ళేల మీద వేసే రంగు కుంచెలో ఉన్నప్పుడు బూడిద కలిసిన మట్టిలా ఉంటుంది. బట్టీలో కాలాకే ఆకుపచ్చ బయటపడుతుంది. ఆకక్క ఇరవై రెండేళ్లు ఆకులు వేసింది కానీ, వేస్తుండగా ఒక్క ఆకునూ పచ్చగా చూడలేదు. పచ్చబడే వేళకు పళ్ళెం వేరే గదిలో ఉండేది. ఆ ఆదివారం ఆమె కుంచె చివర నిలిచిన పచ్చదనాన్ని చాలాసేపు చూసి, ఏమీ వెయ్యకుండానే కడిగేసింది.

తర్వాతి వారాలు అలసటతో గడిచాయి. ఆరు రోజులు పీట దగ్గర, ఏడో రోజు చట్రం దగ్గర. మాస్టారు ఒక వారం గుడ్డపీలికతో రంగు పూయించాడు, ఒక వారం ఎడమ చేత్తో గీయించాడు, ఒక వారం గోడలకు సున్నం వేసేంత వెడల్పు కుంచె ఇచ్చాడు. "ఆకు వెయ్యకండి," అని బతిమాలాడు. ఆమె మబ్బు వేస్తే మబ్బు అంచున ఆకు వచ్చేది. మనిషి ముఖం వేస్తే చెంప ఆకులా వచ్చేది. ఇంటికి వచ్చి, సంచి భుజాన ఉండగానే కుర్చీలో కునుకు తీసేది. భర్త సంచి తీసి పక్కన పెట్టి, "ఇవాళ ఎన్ని ఆకులు రాలాయి?" అని అడిగేవాడు. "ఇంకా రాల్లేదండీ," అనేది కళ్ళు తెరవకుండానే.

ఎనిమిదో వారంలో రాలాయి. మాస్టారు వెడల్పు కుంచెతో తడి బూడిద రంగు పూసి ఏదైనా వెయ్యమన్నప్పుడు, ఆమె హాలు మెట్ల పక్కన గోడ మీద ఉన్న తేమ మరకను వేసింది. అందులో ఒక్క ఆకూ లేదు. ఆమె వెనక్కి తగ్గి ఆ మరకను చూసుకుంది. అది తన చేతి నుంచి వచ్చిందంటే నమ్మలేనట్టు కుంచెను ఒకసారి, కాగితాన్ని ఒకసారి చూసింది. అలసట వల్ల సంతోషం ముఖం దాకా రాలేదు గానీ, ఆ రోజు ఆమె అందరికంటే ఆలస్యంగా కుంచె కడిగింది.

సమర్పించవలసిన చిత్రానికి ఆమె తన పని గదినే ఎంచుకుంది. కూర్చున్న చోటి నుంచి కనిపించేవి కనిపించినట్టు: పదకొండు స్టూళ్లు, తిరుగుడు పీటలు, వంగిన వీపులు, పక్కటెముకలకు అతుక్కున్న మోచేతులు. అన్నీ వెడల్పు కుంచెతో, మట్టి రంగులో, బట్టీకి వెళ్ళని పళ్ళేల రంగులో. మూడు ఆదివారాలు పట్టింది. కాగితం కింది సగం నిండిపోయింది. పై సగం తెల్లగా మిగిలింది.

పదకొండో ఆదివారం మాస్టారు ఆ చట్రాన్ని అందరి వైపూ తిప్పాడు. "చూడండి. ఈ ఖాళీని చూడండి! ఆ వీపుల మీద ఎంత బరువుందో ఈ తెలుపు చెబుతోంది. ఇంత ధైర్యంగా ఖాళీ వదలడం నాకే రాదు. ఇదీ శైలి అంటే."

"అది వదిలింది కాదండీ," అంది ఆకక్క. "అక్కడికి చెయ్యి ఎక్కదు."

"అంటే?"

ఆమె కుడి చెయ్యి ఎత్తి చూపించింది. రొమ్ము దాకా వచ్చి అది ఆగింది. వేళ్ళు ఇంకా పైకి చాచింది, భుజం రాలేదు. ఆ వేళ్ళు ఆగిన ఎత్తూ, చిత్రంలో రంగు ఆగిన ఎత్తూ ఒకటే. హాలులో ఎవరూ నవ్వలేదు.

"మొదటి రోజే చెప్పి ఉంటే చట్రం దించేవాణ్ణి కదమ్మా," అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి.

"కాగితం తిప్పుకుంటే సరిపోయేదండీ. మీరు అంటించేశారు."

ఆయన టేపు చుట్ట చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు. "బొమ్మ మాత్రం బాగుందమ్మా," అన్నాడు చివరికి. "కారణం ఏదైనా సరే, బాగుంది." అది అబద్ధం కాదు.

చిత్రంతో పాటు ఒక ఫారం నింపాలి. దాని చివరి గడి: మీ శైలిని రెండు వాక్యాలలో వివరించండి. మాస్టారు ఒక చీటీ మీద రాసి ఇచ్చాడు: "శూన్యం ద్వారా శ్రమను ధ్వనింపజేయడం నా శైలి. చూపరి ఊహకు సగం కాగితాన్ని అప్పగించాను." సాయంత్రం చుక్క ఇంటికి వచ్చి, టీ తాగుతూ ఆ చీటీ గట్టిగా చదివింది.

"ఆకక్కా, ఇదెవరు, నువ్వేనా? నిన్న బస్సులో సీటు కోసం నన్ను మోచేత్తో పొడిచింది ఈ శూన్యమేనా?"

"నవ్వకే, టీ ఒలుకుతుంది."

"నవ్వితే నవ్వాను గానీ, ఇదే రాసెయ్. సీటు ఖాయం. కూర్చుని చేసే పని. నీ చెయ్యి సంగతి ఎవడికీ తెలియదు."

ఆకక్క కలం తీసుకుని ఫారం ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత గుండ్రటి అక్షరాలతో రాసింది: "బొమ్మ కింది సగమే వేశాను. ఇరవై రెండేళ్లు ఒకే ఎత్తులో పని చేయించడం వల్ల నా కుడి చెయ్యి అంతకంటే పైకి లేవదు."

భర్త మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి, ఆమె భుజం మీదుగా చదివాడు. "ఇది శైలి కాదే, డాక్టరు చీటీ."

"పంపేస్తారక్కా!" అంది చుక్క, నవ్వు పోయి. "అంచు గీసే ఆమెకేం జరిగిందో మర్చిపోయావా?"

"మర్చిపోలేదే. జుట్టు వంగి దువ్వుకుంటున్నాను. గొడుగు ఎడమ చేత్తో పడుతున్నాను. ఆ మేనేజరు ఎదురొస్తే పళ్ళేలు ఛాతీకి హత్తుకుని నడుస్తున్నాను. ఆరేళ్లయింది. దాచే ఓపిక అయిపోయిందే నాకు."

ఇందులో వీరత్వం ఏమీ లేదు. అలసిపోయిన మనిషి ఇంకో అబద్ధాన్ని మోయలేక కింద పెట్టింది, అంతే. అయితే కింద పెట్టిన చోటు సరైనది. అది కర్మాగారం తానే అచ్చు వేయించిన ఫారం, తానే అడిగిన ప్రశ్న, తానే గీసిన గడి.

ఫారం ఇవ్వడానికి ఆఫీసు కిటికీ దగ్గరికి, దాని నకలు ఒకటి తీయించుకుని, చుక్క కూడా వెళ్ళింది. వాళ్ళ మరిది ఒకసారి రసీదు లేక నష్టపోయాడు. అప్పటి నుంచి చుక్క పాల ప్యాకెట్టుకు కూడా రసీదు అడిగే రకం.

"రెండో కాపీ మీద కూడా ముద్ర కొట్టండి సార్."

"ఎందుకమ్మా?" అన్నాడు గుమాస్తా.

"మా అక్క మొదటిసారి రెండు వాక్యాలు రాసింది సార్. ఫ్రేము కట్టించుకుంటాం."

గుమాస్తా చదవలేదు. చదవని మనిషి కొట్టిన ముద్ర కూడా ముద్రే. తేదీ, "అందినది" అన్న మాట, సంతకం, మూడూ నీలం రంగులో పడ్డాయి.

వారం తర్వాత ఆమెను మేనేజరు గదికి పిలిచారు. బయటి నుంచి వచ్చిన కళా సలహాదారు ఒకాయన చిత్రాన్ని గోడకు ఆనించి, తల ఆ పక్కకూ ఈ పక్కకూ వంచి చూస్తున్నాడు. "అద్భుతం," అన్నాడు. "కొత్త పళ్ళేల వరుసకి ఇదే కావాలి. ఈ ఖాళీయే అమ్ముడుపోతుంది." ఆయన వెళ్ళాక మేనేజరు ఫారం ముందుకు తోశాడు. ఆయన మాత్రం చదివాడు.

"సీటు నీదేనమ్మా. ఆ రెండో వాక్యం ఒక్కటి కొట్టేసి, పక్కన సంతకం పెట్టు."

కలం ఆమె చేతికి ఇచ్చాడు. మెత్తటి కుర్చీలు, కిటికీ, బల్ల మీద దీపం ఉన్న డిజైన్ గది ఆయన వెనక అద్దం తలుపులోంచి కనిపిస్తూనే ఉంది. ఆకక్క ఆ వాక్యాన్ని చూసింది. ఆ గదిని కూడా చూసింది. తనకు అక్కడ కూర్చోవాలని ఎంత ఉందో తర్వాత చుక్కకు చెప్పింది.

"కొట్టేస్తే చెయ్యి లేస్తుందా సార్?"

"మాటలు బాగా నేర్చావే."

"క్లాసుకి పంపింది మీరే కద సార్."

కలం బల్ల మీద పెట్టి వచ్చేసింది. మూడో రోజు ఉత్తర్వు వచ్చింది: ప్యాకింగ్ గోదాము. చిత్రాన్ని మాత్రం తిరిగి ఇవ్వలేదు. షరతు ప్రకారం అది కర్మాగారానిది. ఇప్పుడది అతిథుల గదిలో గోడకు వేలాడుతోంది. కింద ఇత్తడి పలక మీద "శ్రమలోని మౌనం" అని చెక్కించారు. వేసిన మనిషి పేరు చెక్కించలేదు. ఆ మనిషి మౌనంగా లేదని, రెండు వాక్యాలు స్పష్టంగా రాసి ఇచ్చిందని ఆ గదిలో కాఫీ తాగే ఎవరికీ తెలియదు. ఆ పలక తయారు చేయించిన చేతులు తల దువ్వుకోగలవు. నా కోపం అక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుందో నాకు తెలియదు.

గోదాములో మొదటి ఉదయం అక్కడి మేస్త్రి ఒక నిండు పెట్టె చూపించి, "పై అర," అన్నాడు. ఆకక్క ముద్ర ఉన్న కాపీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఇది పైవాళ్లు చూశారా?"

"ముద్ర వాళ్లదేనండీ."

ఆయన ఆఫీసుకు ఫోను చేశాడు. అవతల ఫైలు తెప్పించి చూసుకున్నారట. మాకు తెలియదు అనే మాట ఆ నీలం ముద్రతో వాళ్ళ నోటి నుంచి పోయింది. తెలిసీ ఆ పెట్టె ఎత్తించి ఆ భుజానికి ఏమైనా అయితే జవాబు చెప్పవలసింది వాళ్ళే. ఆ చెయ్యి చెడింది వాళ్ళ పీట దగ్గరేనన్న మాట వాళ్ళ ఫైలులోనే ఉన్నందువల్ల, అయోగ్యురాలని పంపెయ్యడానికీ జంకారు. చివరికి ఆమెను తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టమన్నారు. దీన్ని గెలుపు అనడానికి నాకు నోరు రావడం లేదు. ఉద్యోగం నిలిచింది, అంతవరకే. ఆ తర్వాతి నెలలో పాత చేతిపని గదివాళ్ళు మరో ముగ్గురు తమ మణికట్టు గురించి, మెడ గురించి రెండేసి వాక్యాలు రాసి అదే కిటికీలో ఇచ్చి ముద్ర కొట్టించుకున్నారు. మెడ గురించి రాసింది చుక్క. గుమాస్తా ఇప్పుడు ముద్ర కొట్టే ముందు చదువుతున్నాడు.

తనిఖీ బల్ల మీదికి వచ్చేవి అచ్చు పళ్ళేలు. మొదటి పళ్ళెం చేతిలోకి తీసుకోగానే ఆకక్క దాని ఆకును గుర్తుపట్టింది. మొన ఆమె కంటికే తెలిసేంత కొద్దిగా ఎడమకు వాలి ఉంది, మణికట్టు అలసిపోయిన సాయంత్రాల్లో వాలినట్టు. యంత్రానికి నమూనాగా ఇచ్చిన పళ్ళెం ఆమెదే. ఇప్పుడు ప్రతి పళ్ళెం మీదా ఆ సాయంత్రపు అలసటే, తేడా లేకుండా. ఆమె పని, అందులో వంకరగా పడినవాటిని ఏరి పక్కన పెట్టడం.

పన్నెండు వారాలూ అయిపోయాయి, ధ్రువపత్రం ఎవరికీ అక్కరలేదు. అయినా పదమూడో ఆదివారం ఆమె సైకిళ్ల షాపు పైకి మెట్లెక్కింది. ఎందుకని భర్త అడిగితే, "సగం మిగిలిపోయిందండీ," అంది.

అంతకు ముందు పని గది బొమ్మ కోసం చేసుకున్న చిత్తు ప్రతి ఒకటి హాలులోనే ఉండిపోయింది. అదీ కింది సగమే. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, ఎడమ చేత్తో మెల్లగా తిప్పింది. తెల్లటి సగం తన పొట్ట వైపుకు వచ్చింది. మాస్టారు టేపు చుట్టతో వచ్చినవాడు దాన్ని జేబులో పెట్టుకుని నిలబడ్డాడు.

ఆమె మోచెయ్యి పక్కటెముకకు ఆనించి, ఆ సగంలో కూడా స్టూళ్లు వెయ్యడం మొదలుపెట్టింది. ఇవి ఖాళీ స్టూళ్లు. అటు వైపు నుంచి చూస్తే వీపులు తలకిందులు, ఇటు వైపు నుంచి చూస్తే స్టూళ్లు తలకిందులు. వేస్తుండగా మధ్యలో రెండుసార్లు ఆగి భుజం పట్టుకుంది. పూర్తయ్యేసరికి కింద షాపు మూసే చప్పుడు వినిపించింది.

"బాగుందమ్మా," అన్నాడు మాస్టారు. "కానీ గోడకి ఎలా తగిలిస్తాం? ఎలా పెట్టినా సగం తలకిందులే."

"గోడకెందుకండీ?" అంది ఆకక్క, కుంచె కడుగుతూ. "బల్ల మీద ఉంచండి. చూసేవాళ్లే చుట్టూ తిరుగుతారు. నేను చాలా తిప్పాను."